సర్వర్‌లో నెట్‌వర్క్ కార్డు పలకనప్పుడు: చిప్‌సెట్‌ను గుర్తించడం, డ్రైవర్ లోపాన్ని సవరించడం – సమగ్ర మార్గదర్శి

సర్వర్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించిన తరువాత నెట్‌వర్క్ పోర్టు కనిపించకపోతే, చాలామంది మొదట సర్వర్ మోడల్ పేరును ఇంటర్నెట్‌లో వెతికి, దొరికిన డ్రైవర్‌ను దింపుకొని ఎక్కించేస్తారు. ఈ వరుస తలకిందులుగా ఉంది. ఒకే మోడల్ సర్వర్ రకరకాల నెట్‌వర్క్ కార్డులతో మార్కెట్‌లోకి వస్తుంది. డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్720నే తీసుకుంటే, బ్రాడ్‌కామ్ 5720 చిప్‌తో వచ్చినవీ, ఇంటెల్ ఐ350తో వచ్చినవీ, ఇంటెల్ ఎక్స్540, ఐ350 రెండూ కలిసిన కార్డుతో వచ్చినవీ ఉన్నాయి. ఈ మూడింటిలో మొదటిదానికి ఒక డ్రైవర్, రెండోదానికి మరొకటి, మూడోదానికి రెండు డ్రైవర్లు కావాలి. కాబట్టి సర్వర్ పైన రాసి ఉన్న పేరు డ్రైవర్ గురించి మనకు చెప్పేది దాదాపు ఏమీ లేదు.

బెంగళూరులో ఈ అవసరం రెండు రకాల వారికి తరచుగా ఎదురవుతుంది. వైట్‌ఫీల్డ్ వైపు డేటా సెంటర్లలో పనిచేసే మన ఇంజనీర్లకు, ఒకే ఆర్డరు మీద వచ్చిన సర్వర్లలో కూడా కార్డులు వేరుగా ఉండటం కొత్త విషయం కాదు. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో పాత సర్వర్ కొని మారతహళ్లి అద్దె గదిలో ల్యాబు పెట్టుకునే కుర్రవాళ్లకైతే, అందులో ఏ కార్డు ఉందో అమ్మిన దుకాణదారుకే తెలియకపోవచ్చు. ఇద్దరికీ పద్ధతి ఒక్కటే. పేరును నమ్మకుండా కార్డు తన గురించి తాను చెప్పే సంఖ్యను చదవాలి, ఆ సంఖ్య ఆధారంగా పని ఏ దశలో ఆగిందో తేల్చుకోవాలి, ఆ తరువాతే డ్రైవర్ జోలికి పోవాలి.

ఈ మార్గదర్శి ప్రధానంగా లినక్స్ సర్వర్లను ఉద్దేశించింది. విండోస్ సర్వర్, ఈఎస్ఎక్స్ఐ (వర్చువల్ మెషీన్లను నడిపే వీఎంవేర్ వ్యవస్థ) సంగతులు చివరలో క్లుప్తంగా ఉన్నాయి. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాలతో టైపు చేయాలి, పెద్దబడి అవసరమైన చోట ఆ మాట విడిగా చెప్పాను. పదహారు ఆధారంగా ఉండే సంఖ్యల్లో వచ్చే ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలకూ ఇదే వర్తిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు

నెట్‌వర్క్ లేని సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా వెళ్లలేము గనుక, ఐడ్రాక్, ఐఎల్ఓ లేదా సూపర్‌మైక్రో బీఎంసీ వంటి నిర్వహణ పోర్టు ద్వారా కన్సోల్ అందుబాటులో ఉందో లేదో ముందే చూసుకోవాలి. దానిలోని వర్చువల్ మీడియా సౌకర్యంతో ఐఎస్ఓ ఫైలును సర్వర్‌కు తగిలించి, డ్రైవర్ ఫైళ్లను నెట్‌వర్క్ లేకుండానే లోపలికి చేర్చవచ్చు. గదిలోని ల్యాబు సర్వర్ అయితే మానిటర్, కీబోర్డు, ఒక యూఎస్‌బీ ఈథర్నెట్ అడాప్టర్ సరిపోతాయి.

మొదటి దశ: కార్డు బస్సు మీద కనిపిస్తోందా?

రూట్ యూజర్‌గా «ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్» కమాండ్ ఇవ్వాలి. ఇది పీసీఐ బస్సు (కార్డులను ప్రాసెసర్‌తో కలిపే మార్గం) మీద ఉన్న పరికరాలన్నింటినీ, వాటి చిరునామా, తరగతి సంఖ్య, తయారీ సంఖ్యలతో సహా చూపుతుంది. ఇక్కడ చాలామంది ఫలితాన్ని «ఈథర్నెట్» అనే మాటతో గ్రెప్ చేసి (అంటే ఆ మాట ఉన్న వరుసలనే వెతికి), ఏమీ రాకపోతే కార్డే లేదని తేల్చేస్తారు. అది తొందరపాటు. ఈథర్నెట్ కంట్రోలర్ తరగతి సంఖ్య 0200. కానీ మెలనాక్స్ కనెక్ట్‌ఎక్స్ కుటుంబంలో ఈథర్నెట్‌గానూ, ఇన్ఫినీబ్యాండ్ అనే మరో రకం నెట్‌వర్క్‌గానూ పనిచేయగల వీపీఐ కార్డులు ఇన్ఫినీబ్యాండ్ అమరికలో ఉన్నప్పుడు 0207 తరగతి కింద, ఇన్ఫినీబ్యాండ్ కంట్రోలర్ అనే పేరుతో కనిపిస్తాయి. అటువంటప్పుడు లోపం డ్రైవర్‌లో లేదు, పోర్టు అమరికలో ఉంది. ఎంఎస్‌టీఫ్లింట్ ప్యాకేజీలోని ఎంఎస్‌టీకాన్ఫిగ్ పనిముట్టుతో «లింక్_టైప్_పీ1» (ఇది పెద్దబడి) విలువను 2కు మార్చి సర్వర్‌ను రీబూట్ చేస్తే ఆ పోర్టు ఈథర్నెట్‌గా లేస్తుంది. కాబట్టి గ్రెప్ చేయవలసింది మాటను కాదు, 02తో మొదలయ్యే తరగతి సంఖ్యలను.

జాబితాలో కార్డు అసలే లేకపోతే ఏ డ్రైవరూ దాన్ని తీసుకురాలేదు. అప్పుడు చూడవలసినవి హార్డ్‌వేర్ సంగతులు. వాటిలో ఎక్కువ మందికి తట్టని కారణం రెండో ప్రాసెసర్ లేకపోవడం. రెండు సాకెట్ల సర్వర్లలో కొన్ని పీసీఐ స్లాట్లు రెండో సీపీయూకు అనుసంధానమై ఉంటాయి. ఆ సాకెట్ ఖాళీగా ఉంటే ఆ స్లాట్లలో పెట్టిన కార్డు ఎంత మంచిదైనా కనిపించదు. తక్కువ ధరకు దొరుకుతోందని ఒకే సీపీయూతో పాత సర్వర్ కొన్నవారు ముందు చూడవలసింది ఇదే. ఏ స్లాటు ఏ సీపీయూకు చెందిందో సర్వర్ మూత లోపలి బొమ్మలోనో, తయారీదారు మాన్యువల్‌లోనో ఉంటుంది. «డీఎంఐడీకోడ్ -టీ 9» ఇస్తే స్లాట్ల జాబితా, ఏది వాడుకలో ఉందో, ఏది ఖాళీగా ఉందో తెలుస్తుంది. దీని తరువాత బయోస్‌లో ఆ స్లాటుగానీ అంతర్నిర్మిత నెట్‌వర్క్ పోర్టుగానీ ఆపివేసి ఉన్నదేమో చూడాలి. ఆపైన కరెంటు పూర్తిగా తీసి, రైజర్‌ను (కార్డులు గుచ్చే పలకను), కార్డును మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాలి.

మరో విచిత్రమైన స్థితి ఉంది. కార్డు జాబితాలో ఉంటుంది, కానీ దాని పక్కన «రెవ్ ఎఫ్ఎఫ్» అని, -వీవీ ఐచ్ఛికంతో చూస్తే «అన్‌నోన్ హెడర్ టైప్ 7ఎఫ్» అని వస్తుంది. పరికరాన్ని చదవబోతే అన్నీ ఒకట్లే తిరిగి వస్తున్నాయని, అంటే అది బస్సుకు జవాబివ్వడం మానేసిందని దీని అర్థం. వేడెక్కడం, స్లాటులో సరిగా కూర్చోకపోవడం, విద్యుత్ సరఫరా లోపం, ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) కుప్పకూలడం – వీటిలో ఏదైనా కారణం కావచ్చు. «/సిస్/బస్/పీసీఐ/డివైసెస్» కింద ఆ చిరునామాలోని «రిమూవ్» ఫైలులో 1 రాసి, తరువాత «/సిస్/బస్/పీసీఐ/రీస్కాన్»లో 1 రాస్తే ఒక్కోసారి తిరిగి వస్తుంది. వచ్చినా దాన్ని నమ్మి ఉత్పత్తి సర్వర్‌ను (నిజమైన పనులు నడిచే సర్వర్‌ను) వదిలేయకూడదు. పూర్తిగా కరెంటు తీసి పెట్టడం, మళ్లీ జరిగితే కార్డు మార్చడం సరైన దారి.

రెండో దశ: సంఖ్యలను చదవడం

ఈ పనికంతటికీ ఆధారం ఈ దశే గనుక ఇక్కడ తీరికగా ఉండాలి. ఎల్ఎస్‌పీసీఐ వరుస చివర చదరపు బ్రాకెట్లలో 8086:1572 వంటి జంట కనిపిస్తుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత వచ్చినట్టే ఇందులో మొదటి నాలుగు అంకెలు చిప్ తయారీదారును, తరువాతి నాలుగు ఆ తయారీదారు చేసిన చిప్‌ను చెబుతాయి. 8086 ఇంటెల్, 14ఈ4 బ్రాడ్‌కామ్, 15బీ3 మెలనాక్స్, 10ఈసీ రియల్‌టెక్, 1077 క్యూలాజిక్, 1425 చెల్సియో. 

సర్వర్లలో ఎక్కువగా ఎదురయ్యే జంటలు కొన్ని గుర్తుంటే పని వేగంగా సాగుతుంది. ఇంటెల్‌లో 8086:1521 అంటే ఐ350, దాని డ్రైవర్ ఐజీబీ. 8086:10ఎఫ్‌బీ అంటే 82599, 8086:1528 అంటే ఎక్స్540, రెండింటికీ ఐఎక్స్‌జీబీఈ. 8086:1572 ఎక్స్710, 8086:158బీ ఎక్స్ఎక్స్‌వీ710, వీటికి ఐ40ఈ. 8086:1593, 8086:159బీ ఈ810 కుటుంబానివి. వీటి డ్రైవర్ పేరు ఐస్. బ్రాడ్‌కామ్‌లో 14ఈ4:165ఎఫ్ అంటే 5720, డ్రైవర్ టీజీ3. 14ఈ4:168ఈ అంటే 57810, డ్రైవర్ బీఎన్ఎక్స్2ఎక్స్. 14ఈ4:16డీ8 అంటే 57416, డ్రైవర్ బీఎన్ఎక్స్‌టీ_ఈఎన్. మెలనాక్స్‌లో 15బీ3:1015 కనెక్ట్‌ఎక్స్-4 ఎల్ఎక్స్, 15బీ3:1017 కనెక్ట్‌ఎక్స్-5, రెండింటికీ ఎంఎల్ఎక్స్5_కోర్.

పేరు కంటే సంఖ్యే ఎందుకు మేలో చెప్పడానికి 57810 చిప్ కథ చాలు. దాన్ని తయారు చేసింది బ్రాడ్‌కామ్. 2014లో ఆ ఉత్పత్తుల వరుసను క్యూలాజిక్ కొనుక్కుంది. 2016లో క్యూలాజిక్‌ను కేవియం, 2018లో కేవియంను మార్వెల్ కొనుక్కున్నాయి. అందుచేత ఒకే చిప్ ఉన్న కార్డు పైన ఒక చోట బ్రాడ్‌కామ్ అని, మరో చోట క్యూలాజిక్ అని ఉంటుంది. తాజా డ్రైవర్ మాత్రం మార్వెల్ దగ్గర దొరుకుతుంది. ఇన్ని చేతులు మారినా సంఖ్య 14ఈ4:168ఈగానే ఉంది. 2020లో ఎన్విడియా చేతికి వెళ్లిన మెలనాక్స్ విషయంలోనూ 15బీ3 మారలేదు.

తయారీ సంఖ్యలతో పాటు ఉపవ్యవస్థ సంఖ్యల జంట కూడా ఉంటుంది. «ఎల్ఎస్‌పీసీఐ -వీఎంఎంఎన్ఎన్ -ఎస్» అని, తరువాత కార్డు చిరునామా ఇస్తే అది కనిపిస్తుంది. చిప్ ఇంటెల్‌దే అయినా కార్డును డెల్ అమ్మితే ఉపవ్యవస్థ తయారీదారు 1028గా, హెచ్‌పీఈ అయితే 103సీ లేదా 1590గా, సూపర్‌మైక్రో అయితే 15డీ9గా ఉంటుంది. డ్రైవర్ ఎంపికలో దీనికి సాధారణంగా పాత్ర లేదు. ఫర్మ్‌వేర్ విషయంలో మాత్రం ఇదే నిర్ణాయకం: డెల్ ముద్ర ఉన్న కార్డుకు డెల్ ఇచ్చిన ఫర్మ్‌వేర్‌నే వాడాలి, ఇంటెల్ సొంత సాధనం అటువంటి కార్డును సాధారణంగా తిరస్కరిస్తుంది, బలవంతంగా ఎక్కించే దారులు వెతకడం కార్డును పాడుచేసుకోవడమే.

సంఖ్య కూడా పూర్తి కథ చెప్పని చిప్‌లు ఉన్నాయి. రియల్‌టెక్ 10ఈసీ:8168 అనే ఒకే సంఖ్య కింద ఎన్నో తరాల చిప్‌లు వచ్చాయి. అసలు తరం ఏదో తెలియాలంటే డీమెసేజ్‌లో (లినక్స్ కేంద్ర భాగమైన కెర్నల్ సందేశాలను చూపే కమాండ్, టైపు చేసేది డీఎంఈఎస్‌జీ) ఆర్8169 డ్రైవర్ రాసే «ఎక్స్ఐడీ» విలువను చూడాలి. సర్వర్లలో ఇవి తక్కువే గానీ, డెస్క్‌టాప్ బోర్డుతో ల్యాబు కట్టుకున్నవారికి తప్పక ఎదురవుతాయి.

కొన్నిసార్లు పేరు రావలసిన చోట «డివైస్ 1593» అని అంకెలే వస్తాయి. దీన్ని చూసి డ్రైవర్ లేదని అనుకోనక్కరలేదు. ఎల్ఎస్‌పీసీఐ పేర్లను పీసీఐ.ఐడీస్ అనే ఒక సాదా జాబితా ఫైలు నుంచి తెస్తుంది; ఆ జాబితా పాతదని మాత్రమే అర్థం. «అప్‌డేట్-పీసీఐఐడీస్» కమాండ్‌తో దాన్ని తాజా చేయవచ్చు, చేయకపోయినా కార్డు పనికి అడ్డం రాదు.

వర్చువల్ మెషీన్‌లో ఉండి చూస్తున్నామన్న సంగతి మరిచిపోకూడదు. 1ఏఎఫ్4 అని వస్తే అది వర్ట్‌ఐఓ, 15ఏడీ:07బీ0 అయితే వీఎంవేర్ వీఎంఎక్స్‌నెట్3, 1డీ0ఎఫ్ అయితే అమెజాన్ క్లౌడ్. 8086:100ఈ కనిపిస్తే సర్వర్‌లో ఇంటెల్ కార్డు ఉన్నట్టు కాదు, హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) పాత ఇంటెల్ కార్డును అనుకరిస్తోందని అర్థం. అసలు చిప్ ఏమిటో భౌతిక హోస్ట్ మీదే చూడాలి.

మూడో దశ: ఆ సంఖ్యకు మాడ్యూల్ ఉందా, ఎవరి చేతిలో ఉంది?

ఇప్పుడు «ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే -ఎస్» అని కార్డు చిరునామాతో కలిపి ఇవ్వాలి. దీని చివర రెండు వరుసలు ముఖ్యం: «కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్», «కెర్నల్ మాడ్యూల్స్». మొదటిది ప్రస్తుతం కార్డును పట్టుకొని ఉన్న డ్రైవర్. రెండోది ఈ సంఖ్యకు సరిపోతానని చెప్పుకున్న మాడ్యూళ్ల (కెర్నల్‌లోకి ఎక్కించే డ్రైవర్ ఫైళ్ల) జాబితా. రెండూ ఉండి ఒకే పేరు చెబుతుంటే డ్రైవర్ సమస్య దాదాపు లేనట్టే, పేర్ల సంగతి చూసే ఐదో దశకు వెళ్లవచ్చు.

డ్రైవర్ ఇన్ యూజ్ వరుసలో వీఎఫ్ఐఓ-పీసీఐ అని ఉంటే, కార్డును ఎవరో కావాలనే వర్చువల్ మెషీన్‌కో, కెర్నల్‌ను దాటి కార్డును నేరుగా వాడే డీపీడీకే అప్లికేషన్‌కో అప్పగించారు. అందుకే ఇంటర్‌ఫేస్‌ల జాబితా చూపే «ఐపీ లింక్»లో అది కనిపించదు. టెలికాం పనులు నడిచే సర్వర్లలో ఇది మామూలే. డ్రైవర్‌ను మళ్లీ ఎక్కించే ముందు ఆ కార్డు ఎవరి వాడుకలో ఉందో సహోద్యోగులను అడగడం మంచిది, లేకపోతే నడుస్తున్న ట్రాఫిక్‌ను మనమే తెంచినవాళ్లమవుతాము.

మాడ్యూల్స్ వరుస ఉండి, ఇన్ యూజ్ వరుస లేకపోతే, డ్రైవర్ ఉంది గానీ లోడ్ కాలేదు, లేదా లోడై కార్డును స్వీకరించలేకపోయింది. ముందుగా «/ఈటీసీ/మాడ్‌ప్రోబ్.డీ» ఫోల్డరులో ఆ మాడ్యూల్‌ను బ్లాక్‌లిస్ట్ చేశారేమో (లోడ్ కాకుండా నిషేధించారేమో) గ్రెప్ చేయాలి, బూట్ వరుసలో ఏదైనా అలాంటి మాట ఉందేమో «/ప్రోక్/సీఎండీలైన్»లో చూడాలి. అక్కడ ఏమీ లేకపోతే నాలుగో దశ.

రెండు వరుసలూ లేకపోతే, నడుస్తున్న కెర్నల్‌కు ఈ సంఖ్య తెలియదు. కచ్చితంగా తేల్చుకోవడానికి ఆ కార్డు సిస్ ఫోల్డరులో «మాడ్ఏలియాస్» అనే ఫైలు ఉంటుంది. అందులోని పొడవాటి వరుసను «మాడ్‌ప్రోబ్ -ఆర్»కు ఇవ్వాలి, ఇక్కడ ఆర్ పెద్దబడి. పేరు వస్తే మాడ్యూల్ ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. దీనికి తోడు «మాడ్ఇన్ఫో» కమాండ్‌ను అనుమానించిన డ్రైవర్ పేరుతో ఇస్తే ఆ డ్రైవర్ ఒప్పుకునే సంఖ్యలన్నీ ఏలియాస్ వరుసల్లో కనిపిస్తాయి; వాటిలో మన చిప్ సంఖ్య ఉందో లేదో చూస్తే చాలు. అయితే ఆ వరుసల్లో ఆంగ్ల అక్షరాలు పెద్దబడిలో ఉంటాయి గనుక గ్రెప్‌కు -ఐ జోడించాలి.

మాడ్యూల్ లేకపోవడానికి కారణం ఎప్పుడూ పాత కెర్నలే కానక్కరలేదు. ఉబుంటులో వర్చువల్ మెషీన్ల కోసం చేసిన కెర్నల్‌లో భౌతిక కార్డుల డ్రైవర్లు చాలావరకు ఉండవు, అవి లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా అనే వేరే ప్యాకేజీలో ఉంటాయి. క్లౌడ్ ఇమేజ్‌ను భౌతిక సర్వర్‌లోకి కాపీ చేసినప్పుడు కార్డులు మాయమవడానికి కారణం ఇదే. ఆ ప్యాకేజీ వేస్తే సరిపోతుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో మరో తంతు ఉంది: కొత్త ప్రధాన వెర్షన్ వచ్చినప్పుడు కొన్ని పాత హార్డ్‌వేర్ డ్రైవర్లను తీసివేస్తారు. అటువంటి డ్రైవర్లు కొన్ని ఈఎల్‌రెపో రిపాజిటరీలో కేమాడ్ ప్యాకేజీలుగా దొరుకుతాయి. 

కెర్నల్ నిజంగానే పాతదైతే తేదీలు చూసుకోవాలి. ఐ40ఈ డ్రైవర్ 2013లో వచ్చిన 3.12 కెర్నల్‌తో, ఐస్ డ్రైవర్ 2018లో వచ్చిన 4.17 కెర్నల్‌తో ప్రధాన లినక్స్‌లో చేరాయి. రెడ్‌హ్యాట్ వంటి పంపిణీలు కొత్త డ్రైవర్లను పాత కెర్నల్ సంఖ్యల్లోకి వెనక్కి తెస్తాయి గనుక కెర్నల్ సంఖ్య ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, మాడ్ఇన్ఫో మాటే అంతిమం. 2024 జూన్ 30తో మద్దతు ముగిసిన సెంట్‌ఓఎస్ 7ను కొత్త సర్వర్ మీద ఎక్కించాలని పట్టుబట్టేవారు ఇంకా ఉన్నారు. అక్కడ డ్రైవర్‌ను కష్టపడి కంపైల్ చేయడం కంటే ఆపరేటింగ్ సిస్టమ్ మార్చమని గట్టిగా చెప్పడమే నిజమైన సాయమని నా అభిప్రాయం.

డ్రైవర్‌కు తెలియని సంఖ్యను «న్యూ_ఐడీ» ఫైలు ద్వారా బలవంతంగా చేర్చే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. చిప్ నిజంగా అదే కుటుంబానిదై, సంఖ్య మాత్రమే కొత్తదైతే అది పనిచేయవచ్చు. వేరే తరం చిప్‌కు ఇలా చేస్తే డ్రైవర్ తప్పుడు రిజిస్టర్లలో రాస్తుంది. ఉత్పత్తి సర్వర్‌లో ఈ ప్రయోగం వద్దు.

నాలుగో దశ: డీమెసేజ్ ఏమంటోంది?

మాడ్యూల్‌ను ఒకసారి «మాడ్‌ప్రోబ్ -ఆర్» తో తీసి, అంటే ఈసారి ఆర్ చిన్నబడి, తిరిగి మాడ్‌ప్రోబ్‌తో ఎక్కించి, వెంటనే «డీమెసేజ్» చివరి వరుసలు చదవాలి. అదే కార్డు ద్వారా లాగిన్ అయి ఉంటే ఇది చేయకూడదని వేరే చెప్పనక్కరలేదు. 

అక్కడ ఎదురయ్యే సందేశాల్లో అందరినీ దారి తప్పించేది ఐఎక్స్‌జీబీఈ డ్రైవర్ చెప్పే «అన్‌సపోర్టెడ్ ఎస్ఎఫ్‌పీ+» సందేశం. 82599 చిప్ ఉన్న కార్డులో ఇంటెల్ ఒప్పుకోని ఎస్ఎఫ్‌పీని (కేబుల్ తగిలించేందుకు పోర్టులో దూర్చే చిన్న ముక్కను) పెట్టి బూట్ చేస్తే, డ్రైవర్ లింకును మాత్రమే కాదు, కార్డునే స్వీకరించదు. ఇంటర్‌ఫేస్ పూర్తిగా మాయమవుతుంది, చూసేవారికి డ్రైవర్ లేనట్టే ఉంటుంది. ఎస్ఎఫ్‌పీని బయటికి లాగి డ్రైవర్ మాడ్యూల్‌ను మళ్లీ ఎక్కిస్తే ఇంటర్‌ఫేస్ వస్తే కారణం తేలిపోయినట్టే. ఒప్పుకున్న ఎస్ఎఫ్‌పీ వాడటం సరైన పరిష్కారం; ల్యాబులో అయితే «అలౌ_అన్‌సపోర్టెడ్_ఎస్ఎఫ్‌పీ=1» అనే ఐచ్ఛికాన్ని మాడ్‌ప్రోబ్.డీలో పెట్టుకోవచ్చు.

ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదనే సందేశం రెండో రకం. బీఎన్ఎక్స్2, బీఎన్ఎక్స్2ఎక్స్ డ్రైవర్లు పనిచేయాలంటే «/లిబ్/ఫర్మ్‌వేర్» కింద వాటి ఫైళ్లు ఉండాలి. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఇవి చేరాయి. అంతకుముందు డెబియన్‌లో నాన్-ఫ్రీ విభాగం నుంచి విడిగా తెచ్చుకోవలసి వచ్చేది. ఏ ఫైలు కావాలో «మాడ్ఇన్ఫో -ఎఫ్ ఫర్మ్‌వేర్» అని డ్రైవర్ పేరుతో అడిగితే చెబుతుంది, ఇక్కడ ఎఫ్ పెద్దబడి. ఈ810 కార్డుల ఐస్ డ్రైవర్‌ది ఇంకా సూక్ష్మమైన సంగతి: డీడీపీ ప్యాకేజీ అనే దాని అమరిక ఫైలు దొరక్కపోతే డ్రైవర్ విఫలం కాదు, «సేఫ్ మోడ్»లోకి వెళుతుంది. పోర్టు లేస్తుంది, పింగ్ వెళుతుంది, వేగం మాత్రం రాదు, ఎందుకంటే ఆ స్థితిలో బహుళ క్యూల వంటి సదుపాయాలు ఉండవు. వంద గిగాబిట్ కార్డు నత్తనడక నడుస్తోందనే ఫిర్యాదు వస్తే కేబుల్ మార్చే ముందు డీమెసేజ్‌లో ఈ మాట కోసం వెతకాలి.

«రిక్వైర్డ్ కీ నాట్ అవైలబుల్» లేదా «కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్» అని వస్తే సెక్యూర్ బూట్ అడ్డుపడుతోంది. మనం కంపైల్ చేసిన మాడ్యూల్‌కు సంతకం లేదు, లేదా ఆ సంతకపు తాళంచెవి నమోదు కాలేదు. «మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్»తో స్థితి చూసి, «మోక్‌యుటిల్ --ఇంపోర్ట్»తో తాళంచెవిని ఇచ్చి రీబూట్ చేయాలి. బూట్ సమయంలో వచ్చే నీలి తెర మీద నమోదును నిర్ధారించాలి. ఆ తెర ఎస్ఎస్‌హెచ్‌కు అందదు గనుక నిర్వహణ కన్సోల్ లేకుండా ఈ పని జరగదు. సెక్యూర్ బూట్‌నే ఆపివేయడం సులభమే, కానీ ఆ నిర్ణయం భద్రతా బృందానిది.

«ఇన్‌వ్యాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్» అంటే ఒక కెర్నల్‌కు కట్టిన మాడ్యూల్‌ను మరో కెర్నల్‌లో ఎక్కించబోయాము. ఎక్స్710లో ఎన్‌వీఎం ఇమేజ్ (కార్డులో దాచిన ఫర్మ్‌వేర్) ఊహించినదానికంటే కొత్తదని వచ్చే హెచ్చరిక మాత్రం ప్రమాదకరం కాదు. కార్డు పనిచేస్తుంది, తీరిక చూసుకొని డ్రైవర్‌ను తాజా చేయాలి.

ఐదో దశ: కార్డు ఉంది, పేరు మారింది

డ్రైవర్ అంతా బాగానే ఉండి, నెట్‌వర్క్ లేవకపోవడం తరచుగా పేరు మారడం వల్ల జరుగుతుంది. సిస్టమ్‌డీ పద్ధతిలో ఈఎన్ఓ1 అంటే బోర్డు మీది పోర్టు, ఈఎన్ఎస్1ఎఫ్0 అంటే ఒకటో స్లాటులోని కార్డు మొదటి పోర్టు, ఈఎన్‌పీ3ఎస్0ఎఫ్0 అంటే బస్సు చిరునామా ఆధారంగా వచ్చిన పేరు. స్లాటు మార్చినా, కొన్నిసార్లు పక్కన మరో కార్డు చేర్చినా, పేరు మారుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ నవీకరించినప్పుడు డ్రైవర్ కొత్తగా పోర్టు పేరును తెలియజేయడం మొదలుపెడితే ఈఎన్ఎస్1ఎఫ్0 కాస్తా ఈఎన్ఎస్1ఎఫ్0ఎన్‌పీ0 అవుతుంది; అమరిక ఫైలు మాత్రం పాత పేరునే పట్టుకొని కూర్చుంటుంది. «ఐపీ -బీఆర్ లింక్»తో ఉన్న పేర్లను, మ్యాక్ చిరునామాలను చూసి అమరిక ఫైళ్లతో పోల్చాలి.

ఏ పేరు ఏ చిప్‌దో «ఈథ్‌టూల్ -ఐ» అని పేరుతో ఇస్తే తెలుస్తుంది: డ్రైవర్, ఫర్మ్‌వేర్ వెర్షన్, బస్సు చిరునామా ఒకేచోట వస్తాయి. ఏ పేరు వెనుక ఏ భౌతిక పోర్టు ఉందో తెలియకపోతే «ఈథ్‌టూల్ -పీ» అని పేరు, 10 ఇస్తే ఆ పోర్టు దీపం పది సెకన్లు మిణుకుతుంది. డేటా సెంటర్‌లో ర్యాకు దగ్గర ఉన్న మనిషితో ఫోనులో మాట్లాడుతూ పని చేసేటప్పుడు దీనికి మించిన సాధనం లేదు.

డ్రైవర్‌ను మనమే కట్టవలసి వస్తే

పై దశలన్నీ దాటి, పంపిణీలో డ్రైవర్ లేదని తేలినప్పుడే తయారీదారు ఇచ్చే మూల కోడ్‌ను కంపైల్ చేయాలి. నడుస్తున్న కెర్నల్‌కు సరిగ్గా సరిపడే కెర్నల్-డెవెల్ లేదా లినక్స్-హెడర్స్ ప్యాకేజీ ఉండాలి. «యూనేమ్ -ఆర్» చెప్పే వెర్షన్‌తో అక్షరం తేడా లేకుండా కలవాలి. డీకేఎంఎస్ ద్వారా ఎక్కిస్తే కెర్నల్ మారిన ప్రతిసారీ మాడ్యూల్ తిరిగి కట్టబడుతుంది. అది లేకుండా చేతితో కట్టినవారికి తరువాతి కెర్నల్ నవీకరణ రోజున సర్వర్ నెట్‌వర్క్ లేకుండా లేస్తుంది.

కొత్త డ్రైవర్ ఎక్కించినా బూట్ తరువాత పాతదే కనిపిస్తే, ఇనిట్‌రామ్ఎఫ్ఎస్‌లో (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైళ్ల కట్టలో) పాత మాడ్యూల్ ఉండిపోయిందని అనుమానించాలి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో «ఎల్ఎస్ఇనిట్ఆర్‌డీ»తో లోపల ఉన్నది చూసి «డ్రాకట్ -ఎఫ్»తో, డెబియన్, ఉబుంటులలో «అప్‌డేట్-ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ -యూ»తో మళ్లీ తయారు చేయాలి.

విండోస్ సర్వర్, ఈఎస్ఎక్స్ఐ

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, పసుపు గుర్తు ఉన్న పరికరం గుణాల్లో డీటెయిల్స్ కింద హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే, వీఈఎన్, డీఈవీ, సబ్‌సిస్ అనే ముక్కల్లో అవే సంఖ్యలు కనిపిస్తాయి. లోపపు కోడ్ 28 అంటే డ్రైవర్ లేదు, 10 అంటే డ్రైవర్ ఉండి పరికరం మొదలుకాలేదు, 52 అంటే సంతకం చెల్లలేదు. సరైన ఐఎన్ఎఫ్ ఫైలును «పీఎన్‌పీయుటిల్ /యాడ్-డ్రైవర్» కమాండ్‌కు /ఇన్‌స్టాల్ జోడించి ఎక్కించవచ్చు.

ఈఎస్ఎక్స్ఐలో «ఈఎస్ఎక్స్‌సీఎల్ఐ నెట్‌వర్క్ నిక్ లిస్ట్» పనిచేస్తున్న కార్డులను, «వీఎంకేసీహెచ్‌డీఈవీ -ఎల్» సంఖ్యల నాలుగు భాగాలనూ చూపుతాయి. వీఎంవేర్ అనుకూలతా జాబితాలో వెతకడానికి కావలసినవి ఈ నాలుగే. 2020లో వచ్చిన 7.0 వెర్షన్‌తో పాత వీఎంకేలినక్స్ డ్రైవర్ల మద్దతును పూర్తిగా తొలగించారు. 6.7లో అటువంటి డ్రైవర్‌తో నడిచిన పాత కార్డు నవీకరణ తరువాత కనిపించకపోతే దాన్ని బతికించే దారి వెతకడం వృథా. మద్దతు ఉన్న మరో కార్డు కొనాలి.

కొనే ముందు, టికెట్ రాసే ముందు

ఎస్పీ రోడ్డులో కార్డు కొనేటప్పుడు డబ్బు ఇవ్వకముందే దుకాణంలోని ఏదైనా మెషీన్‌ను లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయించి, ఎల్ఎస్‌పీసీఐ చెప్పే రెండు జంటల సంఖ్యలను చూడమని నా సలహా. రూట్‌గా -వీవీ ఇస్తే చాలా కార్డులు వైటల్ ప్రొడక్ట్ డేటా కింద తమ పార్టు నంబరును, క్రమ సంఖ్యను కూడా చెబుతాయి. స్టిక్కరు మీది నంబరు, ఇది రెండూ కలవకపోతే ఆ కార్డును వదిలేయడం మేలు. పాత సర్వర్ కార్డుల్లో నకిలీలు తక్కువేమీ కాదు. అదే చోట «ఎల్ఎన్‌కే క్యాప్» (కార్డు సామర్థ్యం), «ఎల్ఎన్‌కే ఎస్‌టీఏ» (ప్రస్తుత స్థితి) వరుసలను పోల్చి, ఎనిమిది లేన్ల (డేటా దారుల) కార్డు నాలుగు లేన్లతో సరిపెట్టుకోవడం లేదని కూడా చూసుకోవాలి.

ఆఫీసులో తయారీదారు సహాయ బృందానికి టికెట్ రాసేటప్పుడు తయారీ, ఉపవ్యవస్థ సంఖ్యల నాలుగు భాగాలు, యూనేమ్ చెప్పిన కెర్నల్ వెర్షన్, ఈథ్‌టూల్ -ఐ ఫలితం లేదా అది రాకపోతే ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే ఫలితం, డ్రైవర్ లోడైన క్షణం నుంచి డీమెసేజ్ వరుసలు, స్లాటు నంబరు, ఎస్ఎఫ్‌పీ ఉంటే దాని పార్టు నంబరు – ఇవన్నీ మొదటి సందేశంలోనే ఇవ్వాలి. «నెట్‌వర్క్ రావడం లేదు» అని ఒక్క వాక్యం రాస్తే అవతలి నుంచి వచ్చే మొదటి జవాబు ఈ వివరాలను అడగడమే అవుతుంది, అప్పటికి ఒక పనిదినం గడిచిపోతుంది.